ఆదివారం స్కేట్‌బోర్డు ప్రాక్టీసు, బోర్డుల మీద బొమ్మలు

అందరికీ నమస్తే. ఆదివారం పొద్దున్నే ఆరింటికి రాజమండ్రి గట్టు మీద కలుద్దాం. ఘాట్‌కి స్నానాలకొచ్చే పెద్దవాళ్ళకి దారి వదలండి.

వానలో తడిసిన బోర్డు ఎక్కొద్దు. పొరలు అతికించిన మేపుల్ చెక్క నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది, చక్రాల్లోని బేరింగులు తుప్పు పడతాయి. మన తేమకి మరీ త్వరగా! చక్రం తిప్పినప్పుడు గరగరమంటే విప్పి ఇసుక దులపండి.

పిల్లల్ని పంపడానికి జంకకండి, హెల్మెట్ మాత్రం ఉండాల్సిందే. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో మహిళల స్ట్రీట్ స్కేట్‌బోర్డింగ్ (మెట్లు, రెయిలింగుల మీద చేసే పోటీ) స్వర్ణం గెలిచిన మొమిజి నిషియాకి అప్పుడు 13 ఏళ్ళే.

వీలు చూసుకుని దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి కూడా వెళ్దాం. 28 ఏళ్ళు నిండకుండానే, 1925లో పోయిన మన ఊరి చిత్రకారుడు. ఎంత పని చేశాడో చూడాలి. బోర్డుల అడుగున ఏం వేయాలో ఆ బొమ్మలు చూశాకే అనుకుందాం. రంగులు నేను తెస్తాను.