బోర్డు మీద 40, లెక్క వేస్తే 100

అయ్యా,

రుయా, స్విమ్స్ లాంటి పెద్దాసుపత్రులున్న తిరుపతిలో వైద్య వ్యర్థాల దహనం మాట వస్తే ముందు అడగాల్సింది పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ ఎంత అని. దహన కేంద్రం డిస్‌ప్లే బోర్డు మీద 40 కనబడితే, పరిమితి 50 కదా అని ఊరుకుంటాం.

2016 నిబంధనల్లోని ఆ 50 ఘనపు మీటరుకు మిల్లీగ్రాముల్లో, తేమ తీసేసిన పొడి వాయువుకు, 11 శాతం ఆక్సిజన్‌కు సరిచేసిన లెక్క. పరారుణ కాంతితో కొలిచే ఎఫ్‌టీఐఆర్ యంత్రం మాత్రం పొగను తడిగానే చూస్తుంది. తేమ 20 శాతం ఉంటే 40ని 0.8తో భాగించాలి, 50 వస్తుంది. పొడి లెక్కన ఆక్సిజన్ 16 శాతం ఉంటే దాన్ని (21-11)/(21-16), అంటే 10/5తో హెచ్చించాలి; 21 మామూలు గాలిలోని ఆక్సిజన్ శాతం. అప్పుడు 100. పొగగొట్టంలోకి గాలి ఎంత కలిస్తే అంకె అంత పలచబడుతుంది. కేంద్రంలో పాలు పోసే చిత్తూరు రైతుకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ఆక్సిజన్ పరారుణ కాంతికి చిక్కదు కాబట్టి పక్కన జిర్కోనియా సెన్సర్ ఉండి తీరాలి.

అసలు తంటా శాంపిల్ గొట్టంతో. పొగగొట్టంలోంచి పొగను పీల్చే ప్రోబ్ నుంచి యంత్రంలో కాంతి పొగను కొలిచే గ్యాస్ సెల్ దాకా అంతా 180 డిగ్రీల వేడిలో ఉండాలి. క్యాబినెట్ వెనక మోచేయిలా వంగిన బెత్తెడు గొట్టం ముక్కకు హీటింగ్ టేపు చుట్టకపోతే చాలు, అక్కడ ఆవిరి నీరవుతుంది, హైడ్రోజన్ క్లోరైడ్ ఆ నీటిలో ఆమ్లంగా కరిగిపోతుంది. వర్ణపటంలో 2,886 తరంగ సంఖ్య (సెం.మీ.⁻¹) దగ్గర అటూ ఇటూ దువ్వెన పళ్లలా నిలబడే దాని గీతలు పొట్టిబడతాయి. తెర మీద మాత్రం అంతా బాగున్నట్టే. విప్పి చూస్తే స్టీలు ఫిట్టింగు లోపల తుప్పు చార. మెరిసే స్టీలు మీద గన్ థర్మామీటర్ తప్పు చూపిస్తుంది, థర్మోకపుల్ ఆనించి చూడాలి.

యంత్రాన్ని సరిచూసే, గాఢత ముందే తెలిసిన స్పాన్ గ్యాస్‌ను నేరుగా యంత్రంలోకి వదిలితే ఈ లోపం బయటపడదు. ప్రోబ్ దగ్గరే వదలాలి. గొట్టం గోడలకు అంటుకునే వాయువు గనక రీడింగ్ నిలకడపడేదాకా ఆగాలి. యంత్రం సున్నాను సరిచేయడానికి నైట్రోజనే వాడాలి. మామూలు గాలిలో తేమ, కార్బన్ డయాక్సైడ్ ఉంటాయి.

దహనంలో పుట్టే విష రసాయనాలైన డయాక్సిన్లు ఈ యంత్రానికి అందవు. వాటికి గంటల తరబడి శాంపిల్ తీసి ల్యాబ్‌కు పంపాల్సిందే.

కాలుష్య నియంత్రణ మండలి ఆ బోర్డుల మీద సరిచేసిన అంకె పక్కనే ఆక్సిజన్, తేమ శాతాలు, ప్రోబ్ నుంచి చివరిసారి స్పాన్ చేసిన తేదీ కూడా వేయించాలి.

– పొగగొట్టాల పరీక్షలు చేసే సాంకేతిక సిబ్బంది, తిరుపతి