ఒకే సోమవారం: నిర్మలా సీతారామన్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఆర్థిక, కార్పొరేట్ వ్యవహారాల మంత్రి
శ్రీమతి నిర్మలా సీతారామన్ గారికి,

నమస్కారం. మీరు ఆంధ్రా కోడలు. 2014లో రాజ్యసభకు వెళ్లింది కూడా మన రాష్ట్రం నుంచే. అందుకే మా ఆరోగ్య బీమా గోడు ఇంగ్లీషుతో తంటాలు పడకుండా తెలుగులోనే రాస్తున్నాను.

నేను గుంటూరులో ఒక మిర్చి కమీషన్ కొట్టులో గుమస్తాని. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు లెక్కపెట్టడం, కాటా చీటీలు రాయడం, రైతుకు లెక్క చెప్పి డబ్బులివ్వడం. నాకు చట్టాలు పెద్దగా తెలియవు. అయితే కొనేవాళ్లు రింగ్ అయితే అమ్ముకునేవాడి గతి ఏమిటో సరుకు మధ్య బతికేవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. నలుగురు వస్తారు, నలుగురూ ఒకే ధర చెబుతారు. ఇక బేరం ఎవరితో ఆడాలి?

పోయిన కార్తీకమాసంలో మా ఆవిడకు పిత్తాశయంలో రాళ్లని తేలింది. ఆపరేషన్ చేయాలన్నారు. పదకొండేళ్లుగా ఒక్క ఏడాది కూడా తప్పకుండా కడుతున్న ఫ్యామిలీ పాలసీ ఉంది కదా అని ధైర్యంగానే కొత్తపేటలో ఒక ఆస్పత్రికి వెళ్లాం. ఇన్సూరెన్స్ డెస్క్ అద్దం మీద కంపెనీల పేర్ల కాగితం సెల్లోటేపుతో అంటించి ఉంది. మా కంపెనీ పేరు మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో అడ్డగీత. లోపల కూర్చున్న అమ్మాయి తలెత్తకుండానే చెప్పింది: "ఈ కంపెనీ క్యాష్‌లెస్ సోమవారం నుంచి ఆపేశామండీ. బయట కూడా ఎక్కడా చేయట్లేదు."

అంటే కంపెనీ నేరుగా ఆస్పత్రికి కట్టదు, బిల్లు మేమే కట్టుకోవాలి. నమ్మబుద్ధి కాలేదు. అదే రోడ్డులో ఇంకో ఆస్పత్రికి వెళ్లాను. అక్కడా ఆపేసింది ఆ సోమవారమే. మూడోచోటా అదే సోమవారం. వేరువేరు యజమానులు, వేరువేరు డాక్టర్లు, వేరువేరు రేట్లు. ఆపిన రోజు మాత్రం ఒక్కటే.

కంపెనీకి ఫోన్ చేస్తే, "ముందు మీరు కట్టేయండి సార్, తర్వాత రీయింబర్స్‌మెంట్‌కు పెట్టుకోండి" అన్నారు. క్యాష్‌లెస్ అనుమతి గంటలో ఇవ్వాలని, డిశ్చార్జి అనుమతి మూడు గంటల్లో తేల్చాలని 2024 మే నెలలో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆదేశాలిచ్చింది. మంచి ఆదేశమే. క్యాష్‌లెస్సే లేనిచోట గంటలు లెక్కపెట్టి ఏం లాభం?

మా షావుకారు దగ్గర అప్పు తీసుకుని 1,18,400 రూపాయలు కట్టాను. రెండు నెలలకు కంపెనీ నుంచి 83,150 వచ్చాయి. మిగిలిన 35,250 ఎందుకు కోశారయ్యా అంటే, ఈ ప్రాంతంలో ఈ ఆపరేషన్‌కు 'సమంజసమైన, వాడుకలో ఉన్న' చార్జీ అంతేనట. పాలసీలో అలాంటి మాట ఉన్నమాట నిజమే. మరి ఆ సమంజసమైన రేటు ఏ కాగితంలో ఉంది, ఎవరు కూర్చుని రాశారు అంటే కంపెనీ చూపించదు. ఆస్పత్రిని అడిగితే మా రేటు ఇదే అంటుంది, అదెలా వచ్చిందో చెప్పదు. మా మార్కెట్లో మచ్చు పేరుతో కోత పడితే రైతు కనీసం ఆ నాలుగు కాయలు ఎటు పోయాయో కళ్లారా చూస్తాడు. నాకు ఆ భాగ్యం కూడా లేదు.

ఆస్పత్రులన్నీ కూడబలుక్కుని ఆ సోమవారం ఆపాయనీ, కంపెనీలు కూడబలుక్కుని రేటు రాశాయనీ నా దగ్గర రుజువు లేదు. నేను తేల్చగలిగిన విషయం కాదది. తేల్చడానికే 2002లో పార్లమెంటు వ్యాపారంలో పోటీని కాపాడే కాంపిటీషన్ చట్టం చేసి, కాంపిటీషన్ కమిషన్‌ను పెట్టింది. కమిషన్ తరఫున దర్యాప్తు చేసే డైరెక్టర్ జనరల్‌కు పత్రాలు తెప్పించుకునే అధికారం, ప్రమాణం చేయించి విచారించే అధికారం కూడా ఇచ్చింది. ఆ కమిషన్ మీ కార్పొరేట్ వ్యవహారాల శాఖ కింద ఉంది. బీమా చూసే ఆర్థిక సేవల విభాగం మీ ఆర్థిక శాఖలోనే ఉంది. రెండు ఫైళ్లూ వచ్చేది ఒకే బల్ల మీదికి. అందుకే ఈ ఉత్తరం హైదరాబాద్‌లోని ఐఆర్‌డీఏఐకి కాకుండా మీకు రాస్తున్నాను.

అమెరికాలో 1945లో మెక్‌కారన్-ఫెర్గూసన్ అని ఒక చట్టం చేసి, బీమా వ్యాపారానికి అక్కడి పోటీ చట్టాల నుంచి చాలావరకు మినహాయింపు ఇచ్చారు. ఆరోగ్య బీమా వరకు ఆ మినహాయింపు తీసేసింది 2021 జనవరిలో. తీసేయడానికి డెబ్బై అయిదేళ్లు పట్టింది వాళ్లకి. మనకు ఆ అడ్డు లేదు. కూడబలుక్కుని పోటీని దెబ్బతీయకూడదనే మన చట్టంలోని సెక్షన్ 3 బీమా కంపెనీలకూ వర్తిస్తుంది, ఆస్పత్రులకూ వర్తిస్తుంది, వాళ్ల సంఘాలకూ వర్తిస్తుంది. మందుల షాపుల సంఘాలకు కమిషన్ ఇదివరకే జరిమానాలు వేసింది కూడా.

ఈ చట్టాన్ని బీమా కంపెనీల మీద కూడా ఒకసారి వాడారు. కేరళలో పేదల కోసం పెట్టిన ఆరోగ్య బీమాకు 2010-11లో ప్రభుత్వం టెండర్లు పిలిస్తే నేషనల్, న్యూ ఇండియా, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా కంపెనీలు ముందే మాట్లాడుకుని వేశాయని, టెండరు దక్కిన కంపెనీ వ్యాపారాన్ని మిగతావాటితో పంచుకుందని కమిషన్ తేల్చింది. నాలుగూ ప్రభుత్వానివే కాబట్టి మేమంతా ఒకటే సంస్థ అన్న వాదన నిలవలేదు. 2015 జూలైలో దాదాపు 671 కోట్లు జరిమానా వేశారు. 2016 డిసెంబరులో అప్పీలు ట్రిబ్యునల్ తప్పు జరిగిందని ఒప్పుకుంటూనే, ఆ ఒక్క వ్యాపారం టర్నోవరు మాత్రమే లెక్కలోకి తీసుకోవాలని చెప్పి, దాన్ని సుమారు 2 కోట్లకు దించింది. 671 ఎక్కడ, 2 ఎక్కడ! మా షావుకారుకి చెబితే, ఆ లెక్కన రింగ్ అవ్వడమే లాభం కదరా అని నవ్వారు.

ఆ లొసుగు మూసింది మీ ప్రభుత్వమే. 2023లో చట్టం సవరించారు. 2024 మార్చి నుంచి మొత్తం టర్నోవరు మీద జరిమానా వేసే వీలు వచ్చింది. కత్తి నూరి ఒరలో పెట్టారు.

ఇక్కడ మాకు ఇంకో టెన్షన్ కూడా ఉంది. మన రాష్ట్రంలో ఎన్టీఆర్ వైద్యసేవ అనే ఉచిత వైద్య పథకాన్ని 2.5 లక్షల వరకు బీమా కంపెనీల ద్వారా, ఆ పైన ట్రస్టు ద్వారా నడపాలని 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. అంటే కేరళలో పిలిచినట్టే ఇక్కడా టెండర్లు. అక్కడ జరిగిందంతా తెలిసీ ఇక్కడ మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలా?

కంపెనీలన్నీ కలిసి ఆస్పత్రులతో బేరమాడితే రేటు తగ్గుతుంది, అది మంచిదే కదా అని మీ అధికారులు అనవచ్చు. నిజమే, 2010లో ప్రభుత్వ రంగ కంపెనీలు పీపీఎన్ పేరుతో ఎంపిక చేసిన ఆస్పత్రుల జాబితా తయారు చేసి ప్యాకేజీ రేట్లు పెట్టింది కూడా ఆ మాట చెప్పే. తగ్గినది నా ప్రీమియంలో కనపడాలి కదమ్మా. మీరు 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య బీమా మీద 18 శాతం జీఎస్టీ ఎత్తేశారు. దానికి మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. పోయినేడు జీఎస్టీతో కలిపి నేను కట్టింది 31,400. ఈసారి నోటీసులో జీఎస్టీ లేకుండా 34,200 అని వచ్చింది. గుమస్తాని కదా, లెక్క వేశాను. పన్ను పక్కన పెడితే అసలు ప్రీమియం 28 శాతానికి పైగా పెరిగింది. అరవై దాటినవాళ్లకు ఏడాదికి పది శాతం మించి పెంచాలంటే ఐఆర్‌డీఏఐని అడగాలి. నాకింకా యాభై ఆరే, ఆ గొడుగు కిందికి రాను.

నచ్చకపోతే పాలసీని వేరే కంపెనీకి మార్చుకునే పోర్టబిలిటీ ఉంది కదా అంటారు. ప్రయత్నించాను. రెన్యువల్‌కు 45 రోజుల ముందే దరఖాస్తు పెట్టాలంటే పెట్టాను. నాకు షుగరు, ఆవిడకు ఆపరేషన్. ఒక కంపెనీ కుదరదంది, ఇంకోటి ఇప్పటిదాకా ఉలకలేదు. ధర నచ్చకపోతే రైతు టిక్కీలను కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుని రెండు నెలలు ఆగుతాడు. మా ఆవిడ కడుపునొప్పిని నేను ఏ స్టోరేజీలో పెట్టాలి?

నేను కోరేది కొత్త చట్టం కాదు. కాంపిటీషన్ చట్టం సెక్షన్ 19 కింద కేంద్ర ప్రభుత్వం తనంతట తానే విచారించమని కమిషన్‌కు రెఫరెన్స్ పంపవచ్చు. నాలాంటివాడూ ఫీజు కట్టి ఫిర్యాదు చేయొచ్చు గానీ, మూడు ఆస్పత్రుల తలుపు కొట్టిన గుమస్తా కాగితానికీ, కేంద్రం పంపిన కాగితానికీ తేడా ఉంటుంది. ఆ రెఫరెన్స్‌లో రెండు విషయాలు అడగండి. ఆస్పత్రులు మూకుమ్మడిగా క్యాష్‌లెస్ ఆపడం సెక్షన్ 3 కిందికి వస్తుందా? కంపెనీలు క్లెయిముల్లో కోతకు వాడే 'సమంజసమైన' రేట్ల పట్టికలు ఎక్కడ, ఎవరు, ఎవరితో కూర్చుని తయారు చేస్తున్నారు? ఆస్పత్రులకు సంఘం ఉంది, కంపెనీలకు కౌన్సిల్ ఉంది. 2025 ఆగస్టులో ఉత్తరాది ఆస్పత్రులు ఒక కంపెనీకి క్యాష్‌లెస్ ఆపుతామన్నప్పుడు ఆస్పత్రుల సంఘమూ బీమావాళ్లూ మాట్లాడుకుని సర్దుకున్నారు. ఆ గదిలో పాలసీదారుకు కుర్చీ వేసినట్టు నేను ఎక్కడా చదవలేదు.

మూడు డెస్కుల దగ్గర అద్దాల మీద అంటించిన కాగితాలను ఆ రోజే ఫోన్‌లో ఫోటోలు తీశాను. తేదీ, టైము పడ్డాయి. బిల్లు, సెటిల్‌మెంట్ లెటరు, రెండేళ్ల ప్రీమియం నోటీసులు కూడా ఒక ఫైల్లో పెట్టి ఉంచాను. మీ కార్యాలయం నుంచి ఒక్క ఫోన్ వస్తే స్పీడ్ పోస్టులో పంపిస్తాను.

ఇట్లు,
మిర్చి కొట్టులో ఒక గుమస్తా,
గుంటూరు