కంది ఐఐటీ ల్యాబ్ నుంచి మా వార్డు దాకా: కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

నేను హైదరాబాద్‌లో స్టాఫ్ నర్సును. 2021 మే, జూన్ నెలల్లో బ్లాక్ ఫంగస్ వార్డులో డ్యూటీ చేశాను. నానోటెక్నాలజీ అన్న మాట అంతకుముందూ విన్నాను. చేత్తో పట్టుకున్నది మాత్రం ఆ వార్డులోనే.

బ్లాక్ ఫంగస్‌కు ఎక్కించే నానో మందు పేరు లైపోజోమల్ ఆంఫోటెరిసిన్. చూడ్డానికి చిన్న వయల్ (మందు సీసా), అడుగున పసుపు పచ్చ పొడి. స్టెరైల్ వాటర్ వేసి అర నిమిషం గట్టిగా ఊపాలి. తర్వాత ఫిల్టర్ గుండా డెక్స్‌ట్రోజ్‌లో, అంటే గ్లూకోజ్ నీళ్లలో కలపాలి. ఉప్పు నీటి సెలైన్‌లో కలిపితే విరిగిపోతుంది. వయల్‌కు 50 మిల్లీగ్రాములు. కేజీ బరువుకు 5 మిల్లీగ్రాముల లెక్కన 60 కేజీల మనిషికి రోజుకు 6 వయల్స్ కావాలి, అదీ వారాల తరబడి.

కరోనా తగ్గి ఇంటికెళ్లిన ఒక పెద్దావిడ వారం తిరగకుండానే కన్ను వాచి మళ్లీ వచ్చారు. షుగర్ మనిషి. ఊరంతా తిరిగొచ్చిన కొడుకు ఐస్ ప్యాక్ చుట్టిన సంచి నా చేతికిచ్చి, "రెండే దొరికాయి సిస్టర్, ఇవాళ్టికి ఇవి ఎక్కించండి" అన్నాడు. ఆ రెండూ అయిపోయాక మామూలు ఆంఫోటెరిసిన్ పెట్టాల్సి వచ్చింది. ఎక్కిస్తుంటే ఆవిడ మంచం కదిలేలా వణికిపోయారు. రెండు దుప్పట్లు కప్పినా ఆగలేదు. కిడ్నీలు దెబ్బతింటే రక్తంలో పెరిగే క్రియాటినిన్ నాలుగో రోజుకు 1.1 నుంచి 2.8కి చేరింది.

మందు రెండింటిలోనూ ఒకటే. తేడా అంతా దాన్ని మోసుకెళ్లే కొవ్వు బుడగలో ఉంది. వెంట్రుక మందంలో సుమారు వెయ్యో వంతుండే ఆ బుడగ మందును తన పొరలో పెట్టుకుని ఫంగస్ దాకా తీసుకెళ్తుంది, కిడ్నీల మీద దెబ్బ తగ్గిస్తుంది. కరోనా ఎంఆర్ఎన్ఏ టీకాలు ఒంట్లోకి చేరిందీ ఇలాంటి కొవ్వు కణాల్లోనే. అందుకే ఈ రంగం మీద నాకింత ఆశ.

కానీ బుడగ తయారీ మాత్రకు పొడి నొక్కినంత సులువు కాదు. శుద్ధమైన ప్రత్యేక లిపిడ్లు (కొవ్వు పదార్థాలు) కావాలి, కణాలన్నీ ఒకే సైజులో రావాలి, వేడి చేయకుండా స్టెరైల్ చేయాలి. అందుకే ఆ మేలో కేంద్రం మరో ఐదు కంపెనీలకు అనుమతి ఇచ్చినా, అందులో మన హైదరాబాద్ నాట్కో ఉన్నా, ఉత్పత్తి మొదలయ్యేది జులైలోనే అన్నారు. మా వార్డులో జులై దాకా ఆగే ఓపిక ఎవరి ఒంట్లోనూ లేదు.

అదే మే నెలాఖరులో కందిలోని ఐఐటీ హైదరాబాద్ నుంచి ఒక కబురు వచ్చింది. ఇదే మందును నానో పోగుల్లో పెట్టి, నోటితో మింగే 60 మిల్లీగ్రాముల మాత్ర చేశామని, ధర సుమారు 200 రూపాయలని, టెక్నాలజీని ఎవరికైనా ఇస్తామని చెప్పారు. డ్యూటీ రూములో ఆ వార్త చదివి మేం చప్పట్లు కొట్టాం. కంది నుంచి మా ఆస్పత్రికి గంటన్నర దారి. ఆ మాత్ర మా వార్డుకు రాలేదు.

ఆ శాస్త్రవేత్తలను తప్పుపట్టడం లేదు. ల్యాబులో పని చేసిన మందును మనుషుల మీద పరీక్షించి, లక్షల్లో తయారు చేయడానికి వేరే డబ్బు, వేరే యంత్రాలు కావాలి. 2007లో నానో పరిశోధనల కోసం 1000 కోట్లతో నానో మిషన్ పెట్టారు. నానో మందులను ఎలా పరీక్షించాలో 2019లో మార్గదర్శకాలూ ఇచ్చారు. ల్యాబు పరిశోధన నుంచి ఆ పరీక్షల దాకా దారి వేయాలి. బాలానగర్‌లో ఫార్మా విద్యా పరిశోధన సంస్థ నైపర్, తార్నాకలో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, బాలాపూర్‌లో కొత్త పదార్థాల పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ, శామీర్‌పేట దగ్గర బయోటెక్ కంపెనీలుండే జీనోమ్ వ్యాలీ అన్నీ ఒకే నగరం చుట్టూ ఉన్నాయి. ఏ ల్యాబైనా, ఏ చిన్న కంపెనీ అయినా వచ్చి నానో మందుల ట్రయల్ బ్యాచ్‌లు చేసుకునేలా ఇక్కడే ఒక ప్రభుత్వ కేంద్రం పెట్టండి. లిపిడ్లు మన దేశంలోనే తయారయ్యేలా చూడండి. కంది మాత్ర ఇప్పుడు ఏ దశలో ఉందో, ఎక్కడైనా ఆగితే ఎందుకు ఆగిందో పార్లమెంటులో చెప్పండి.

మీ అధికారుల్ని పంపితే మా వార్డు రిజిస్టర్లలో రాసుకున్న డోసుల లెక్కలు దగ్గరుండి వివరిస్తాం. రోజూ ఎన్ని వయల్స్ అడిగామో, ఎన్ని వచ్చాయో తేదీలతో సహా ఉన్నాయి.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు, హైదరాబాద్