లైసెన్సు ఎత్తివేసినా శిక్షణను ఉంచాల్సింది

సంపాదకుల వారికి నమస్కారం.

టెక్సాస్ రాష్ట్రంలో లైసెన్సు లేకుండానే పిస్టల్ వెంట ఉంచుకొని తిరగడానికి వీలు కల్పించిన చట్టంపై మీ పత్రికలో వచ్చిన కథనం చదివాను. చాలా ఏళ్లుగా డాలస్ శివార్లలో ఉంటూ, ఆ లైసెన్సు కోసం ఒకప్పుడు తరగతిలో కూర్చున్నవాడిని కనుక, ఆ చట్టం వల్ల మేము పోగొట్టుకున్నదేమిటో చెప్పాలనిపించింది.

2021 జూన్‌లో గవర్నర్ గ్రెగ్ అబ్బాట్ సంతకం చేసిన ఈ చట్టం (హౌస్ బిల్ 1927) ఆ సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు పాతికేళ్లుగా ఇక్కడ పిస్టల్ వెంట తీసుకెళ్లాలంటే వేలిముద్రలు ఇచ్చి, చివరి ఏళ్లలోనైతే నాలుగు నుంచి ఆరు గంటల తరగతికి హాజరై, రాత పరీక్ష ఉత్తీర్ణులై, ఆపై 3, 7, 15 గజాల దూరాల నుంచి మొత్తం 50 గుళ్లు పేల్చి గురి చూపించాల్సి వచ్చేది. నాకు బాగా గుర్తున్నది గురి పరీక్ష కాదు. ఇంట్లో పిల్లల చేతికి అందకుండా ఆయుధాన్ని ఎలా దాచాలి, ఎదుటివాడు రెచ్చగొడుతున్నప్పుడు గొడవను తుపాకీ దాకా రానివ్వకుండా ఎలా తగ్గించుకోవాలి, ప్రాణం తీసే బలప్రయోగాన్ని చట్టం ఎప్పుడు ఒప్పుకుంటుంది, ఎప్పుడు ఒప్పుకోదు అన్న పాఠాలే గుర్తున్నాయి. ఇప్పుడు ఆ లైసెన్సు కావాలనుకున్నవారు తీసుకోవచ్చు, అక్కర్లేదనుకున్నవారు మానుకోవచ్చు. నిజానికి ఆ పాఠం ఎవరికి అత్యవసరమో, వారే దాన్ని వద్దనుకుంటారని నా భయం.

చట్టాన్ని సమర్థించేవారి మాటను నేను తేలిగ్గా తీసుకోను. నేరస్థుడు ఎన్నడూ లైసెన్సుకు దరఖాస్తు చేయడని, ఆ ఖర్చూ కాలయాపనా రోజు కూలి మీద బతికే నిజాయతీపరుడికే భారమని వారంటారు. రెండో మాటలో న్యాయం ఉంది. అయితే ఆ భారాన్ని తగ్గించే దారి రాష్ట్రానికి తెలియనిది కాదు. 2017లో లైసెన్సు రుసుమును 140 డాలర్ల నుంచి 40కి తగ్గించింది ఇదే శాసనసభ. ఆ 40 కూడా మాఫీ చేసి, తరగతిని ఉచితంగా ఊరూరా పెట్టి ఉంటే ఎవరూ కాదనేవారు కాదు. ఇక మొదటి మాటకు వస్తే, శిక్షణ ఉద్దేశించింది నేరస్థుణ్ణి కాదు. పార్కింగ్ దగ్గర తగాదాలో నిగ్రహం కోల్పోయే మామూలు మనిషిని, పిస్టల్‌ను కారు సీటు కింద మరచిపోయే తండ్రిని. బిల్లు చర్చలో ఉండగా డాలస్ సహా పలు నగరాల పోలీసు అధిపతులు రాష్ట్ర రాజధాని ఆస్టిన్ వెళ్లి దాన్ని బహిరంగంగా వ్యతిరేకించారు. వీధుల్లో తుపాకులు పట్టుకున్నవారిని రోజూ ఎదుర్కొనేది వారే కనుక వారి మాటకు ఎక్కువ విలువ ఉండాల్సింది.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. 2023 మే 6న డాలస్ సమీపంలోని అలెన్ పట్టణంలోని మాల్‌లో, మన తెలుగు కుటుంబానికి చెందిన ఒక యువతితో సహా ఎనిమిది మందిని బలిగొన్న ఆయుధం రైఫిల్, పిస్టల్ కాదు. ఆ దారుణాన్ని ఈ చట్టానికి అంటగట్టడం సరికాదు. ఆ దుఃఖం మా అందరిలో ఇంకా పచ్చిగానే ఉన్నా, వాదన కోసం దాన్ని వాడుకోవడం నాకు ఇష్టం లేదు.

మన పిల్లల విషయంలో నన్ను కలవరపెడుతున్నది వేరే. లైసెన్సు ఉన్న ఆయుధాన్ని సైతం ఎన్నికలప్పుడు పోలీస్ స్టేషన్‌లో అప్పగించే ఆనవాయితీ ఉన్న దేశం నుంచి ఇక్కడికి వచ్చిన విద్యార్థికి, ‘పర్మిట్ అక్కర్లేదు’ అన్న మాట ‘ఎవరైనా పట్టుకోవచ్చు’ అన్నట్టు వినిపిస్తుంది. అది నిజం కాదు. ఎఫ్-1, హెచ్-1బి వంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకీ కలిగి ఉండడాన్ని ఫెడరల్ (దేశవ్యాప్త) చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. రాష్ట్రం ఎంత సడలించినా ఆ నిషేధం పోదు. ఉల్లంఘిస్తే జైలుతో పాటు దేశబహిష్కరణ ముప్పు కూడా ఉంది. స్నేహితుడి పిస్టల్‌తో షూటింగ్ సాధన చేసే రేంజ్‌లో సరదాగా నాలుగు గుళ్లు కాల్చిన కుర్రవాడికి ఈ సంగతి ఎవరు చెప్పాలి? పాత పద్ధతిలోనైతే దరఖాస్తు దశలోనే తెలిసిపోయేది.

బేసి సంవత్సరాల్లో జనవరిలో కొలువుదీరే టెక్సాస్ శాసనసభకు, లైసెన్సును తిరిగి తేలేకపోయినా ఆ తరగతిని ఉచితంగా, తప్పనిసరిగా పెట్టమని మాలాంటి ఓటర్లం రాస్తూనే ఉన్నాం. మీ వంతుగా, ఏటా వేసవిలో అమెరికా ప్రయాణమయ్యే విద్యార్థుల కోసం మీరు వేసే ప్రత్యేక పేజీలో, వీసాకూ తుపాకీకీ సంబంధించిన ఈ నిబంధనను ప్రచురించాలని కోరుతున్నాను.

భవదీయుడు,
డాలస్ నుంచి ఒక పాఠకుడు