పింఛన్ ఇచ్చేటప్పుడు ఆరు ప్రశ్నలు అడగండి

సంపాదకుల వారికి,

ఒకటో తారీఖున సచివాలయం సిబ్బంది గడప దగ్గరికే వచ్చి పింఛన్ ఇస్తున్నారు. వృద్ధులకు 4,000, సదరం సర్టిఫికెట్ ఉన్న వికలాంగులకు 6,000, పూర్తిగా మంచాన పడ్డవాళ్లకు 15,000. మంచిదే. కానీ మంచాన పడకముందు కొన్నేళ్లపాటు అవ్వ మాట్లాడుతుంది, తింటుంది, ఒంటరిగా లేవలేదు. ఆ కాలాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు.

స్నానం, బట్టలు కట్టుకోవడం, దొడ్డికి పోవడం, మంచం దిగడం, మలమూత్రాలు ఆపుకోవడం, తినడం. మనిషి తన పనులు తానే చేసుకోగలడా అని తెలుసుకోవడానికి డాక్టర్లు అరవై ఏళ్లుగా చూస్తున్నది ఈ ఆరే. సాధారణంగా ముందు పోయేది స్నానం, చివరిదాకా నిలిచేది తినడం. కాబట్టి స్నానానికి తోడు కావాలన్న రోజే మేలుకోవాలి.

కడప పల్లెల్లో మొదట చూడాల్సింది మంచం. నులక నడుమ కుంగితే తుంటి కిందికి, మోకాళ్లు పైకి పోతాయి. అలా కూర్చున్న మనిషి ఎంత తన్నుకున్నా లేవలేడు. కోడలు చంకల్లో చేతులేసి గుంజుతుంది. అత్త భుజం, కోడలి నడుము రెండూ దెబ్బతింటాయి. నులక బిగించండి. కూర్చుంటే పాదాలు పూర్తిగా నేలకు ఆనాలి. చాలామందికి 18 అంగుళాల ఎత్తు సరిపోతుంది. ఎత్తు పెంచాలంటే ఇటుకలు వద్దు, జారిపోతాయి. కోడు కూర్చునేలా గుంత తొలిచిన చెక్క దిమ్మెలు పెట్టాలి. లేచేటప్పుడు పాదాలు వెనక్కి లాక్కుని, ముఖం మోకాళ్లు దాటేదాకా ముందుకు వంగాలి. పట్టుకునేవాళ్లు నడుము దగ్గర పట్టుకోవాలి.

రాత్రిపూట తోడు కోసం ఇంట్లోవాళ్లను లేపడానికి మొహమాటపడి చాలామంది అవ్వలు సాయంత్రం నుంచే నీళ్లు మానేస్తారు. మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడితే ఇంట్లో చాదస్తం అనుకుంటారు. అది చాదస్తం కాదు, అదే రోజు ఆస్పత్రికి తీసుకుపోవాలి. మంచం పక్కన కమోడ్ కుర్చీ ఉంటే ఈ బాధ చాలా తగ్గుతుంది. 2017లో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజనలో 60 దాటిన పేదలకు వాకర్, వీల్ చైర్‌తో పాటు ఇదీ ఉచితమే. అడిగేవాళ్లే తక్కువ.

మన ఆడవాళ్లు కువైట్‌లో ఇంటి పనులు చేసే చోటే ఫిలిప్పీన్స్ ఆడవాళ్లూ చేస్తున్నారు. ఇద్దరి ఊళ్లలోనూ ముసలివాళ్లకు డబ్బు అందుతుంది, లేపే చేయి అందదు. ఫిలిప్పీన్స్‌లో 60 దాటితే మందులపై 20 శాతం తగ్గింపు చట్టంలోనే ఉంది. అయినా స్నానం చేయించాల్సింది ఇంట్లో మిగిలిన ఒక్క మనిషే.

పింఛన్ ఇచ్చేటప్పుడే ఈ ఆరు ప్రశ్నలు అడిగి రాసుకోవాలని, ఏ రెండింటికి తోడు కావాలన్నా ఏఎన్ఎం ఆ ఇంటికి వెళ్లి కోడలికో కొడుక్కో లేపే పద్ధతి చేసి చూపించాలని కలెక్టర్ గారిని కోరుతున్నాం.

– వృద్ధులకు ఫిజియోథెరపీ చేసేవాళ్లం, కడప