ఇంటికి ఇటుకలే కాదు, లెక్కలూ కావాలి

సంపాదకునికి నమస్కారాలు.

ఇంటర్ ఫలితాలు రాగానే మా విజయనగరంలో ఇంజినీరింగ్, మెడిసిన్ అన్న రెండు మాటలే వినిపిస్తాయి. పేదల ఇళ్లకు డబ్బు సమకూర్చి, లెక్క నడిపించడం కూడా ఒక వృత్తి అని పిల్లలకు ఎవరూ చెప్పడం లేదు. ముప్పై ఏళ్లు ఆ లెక్కల్లోనే గడిపిన మనిషిని, అందుకే రాస్తున్నాను.

ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణాల్లో 2015లో, పల్లెల్లో 2016లో మొదలైంది. పట్టణంలో సొంత స్థలంలో కట్టుకునేవారికి కేంద్రం ఇచ్చేది 1.5 లక్షల రూపాయలు. పల్లెల్లో, మైదాన ప్రాంతమైతే 1.20 లక్షలు, అందులో 60 శాతం కేంద్రానిది, 40 శాతం రాష్ట్రానిది. ఈ సొమ్ము పని సాగేకొద్దీ విడతలుగా ఖాతాలో పడుతుంది. ఒక విడత ఆలస్యమైతే ఏమవుతుందో గజపతినగరం దగ్గర ఒక ఊళ్లో చూశాను. తలుపుల ఎత్తు దాకా లేచి ఆగిన గోడలు, తుప్పు పట్టిన ఊచలు, తడిసి గడ్డకట్టిన సిమెంటు బస్తాలు. ఆ ఇంటావిడ పాస్‌బుక్కును కవరులోంచి తీసి, "ఇందులో పడిందా బాబూ?" అని అడిగింది. అప్పటికే నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చుకుంది.

అది మేస్త్రీ తప్పు కాదు. స్థలం ధర, కట్టుబడి ఖర్చు, బ్యాంకు అప్పు, బడ్జెట్ విడుదలలు ఒకే కాగితం మీద చూడగల మనుషులు మనకు చాలినంతమంది లేరు. బి.కాం., ఎకనమిక్స్, సివిల్ ఇంజినీరింగ్ చదివినవారికి ఇళ్ల నిర్మాణానికి అప్పులిచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ హడ్కో వంటి చోట్ల, పురపాలక సంఘాల్లో, గృహరుణ సంస్థల్లో ఈ పని ఉంది. మన కళాశాలలు ఏడాదికి ఒక్కరోజైనా పిల్లలను కట్టుబడి జరుగుతున్న కాలనీకి తీసుకెళ్లాలి. పిలిస్తే నేనూ వస్తాను.

— ఒక విశ్రాంత ఉద్యోగి, విజయనగరం