మూలం చెప్పని ప్రాజెక్టుకు మార్కులెందుకు?

పాఠశాల ప్రాజెక్టులలో పిల్లలు సమాచారం ఎక్కడి నుంచి తెచ్చారో రాయడం లేదు, రాయమని మనమూ అడగడం లేదు. మొన్న మా వీధిలోని ఎనిమిదో తరగతి అమ్మాయి రామప్ప గుడి గురించి రాసిన నాలుగు పేజీలు చూశాను. ముత్యాల్లాంటి దస్తూరి, రంగుల అంచు. మూడో పేజీ మధ్యలో ‘మరిన్ని వివరాలకు ఇక్కడ నొక్కండి’ అన్న వాక్యం కూడా పొల్లుపోకుండా దిగింది! ఎక్కడిదమ్మా అంటే ‘గూగుల్‌లోది తాతయ్యా’ అంది. గూగుల్ దారి చూపుతుందే కానీ అది రాసింది కాదని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. మార్కులు మాత్రం పూర్తిగా పడ్డాయి. గుడి కట్టించిన కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు వేయించిన 1213 నాటి శాసనం ఆ గుడి దగ్గరే ఉంది. 2021లో ఆ గుడిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన యునెస్కో వెబ్‌సైటులో వివరాలున్నాయి. పిల్లలను వాటి దాకా నడిపించాలి. నిర్మాణాత్మక మూల్యాంకనంలో (ఏడాది మధ్యలో బడిలోనే జరిపే ఎఫ్‌ఏ మదింపులో) ప్రాజెక్టుకిచ్చే మార్కులలో కొన్నింటిని మూలాలకే కేటాయించాలి: కనీసం రెండు మూలాలు, వెబ్‌పేజీ అయితే పేరు, లంకె, చూసిన తేదీ, పుస్తకమైతే పుట సంఖ్య. తెలుగు వికీపీడియా వ్యాసాల అడుగున ఉండే ‘మూలాలు’ విభాగాన్ని ఒక్క పీరియడు చూపించినా ఎలా రాయాలో వాళ్లకు తెలుస్తుంది.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ